లక్కూరుకు పోని ఆదివారాలు

చాంపియన్ రీఫ్స్, కె.జి.ఎఫ్.
22 ఫిబ్రవరి 2024

లక్కూరు బచ్చప్ప తాతకు,

నేను రామాంజినప్ప మనవరాలు అర్పితను. మూడేళ్ళుగా మీకు వచ్చిన జాబుల్లో చేతిరాత నాది, మాట మా తాతది. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. ఈ జాబులో మాట కూడా నాదే.

తాత ఈ నెల తొమ్మిదో తేదీ శుక్రవారం, పొద్దున పది దాటాక పోయాడు.

పదమూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. ఫోను చేస్తే మీకు వినపడదు. మీ కోడలు సౌభాగ్యగారి నంబరు వెతికితే దొరికేదే. వెతకలేదు.

డిసెంబరులో ఇంటి ముందు మెట్టు మీద జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనుకు ఆయన గుండె తట్టుకోదని డాక్టర్లు చెప్పారు. రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. చివరి వారం ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. ఆ పొద్దున మా అమ్మ మునిలక్ష్మి ఆయన తల కింద చెయ్యి పెట్టి లేపి రాగి గంజి తాగించింది. రెండు గుక్కలు తాగాడు. మూడోది గడ్డం మీదుగా కారింది. అమ్మ తుడిచి మళ్ళీ చెంచా ఎత్తింది. పోయాడని మా ఇద్దరికీ కాసేపటి దాకా తెలియలేదు.

క్యాసంబళ్ళిలో మా చేనులో అవ్వ పక్కనే పెట్టాం. గుంట దగ్గర ఒక చిన్న తగాదా వచ్చింది. తాత కట్టె కాలు లోపల పెట్టాలా, బయటే ఉంచాలా అని. అమ్మకు మేనమామ వరస ఈశ్వరప్ప, “అది ఆయప్ప వొళ్ళు కాదు. కట్టెను పూడ్చేది యాడైనా ఉండాదా?” అన్నాడు. అమ్మ, “యాభై ఏండ్లు దాని మీదే నిలబడినాడు. ఇంగ వొళ్ళు గాకుంటే ఏంది?” అంది. అందరూ నావైపు చూశారు. రోజూ డ్యూటీకి పోయే ముందు ఆ కాలు తొడిగి పట్టీలు బిగించేది నేనే కదా. పెట్టండి అన్నాను. మేజోడు వేసి పెట్టాను.

గనిలో పనిచేసిన ఒక పెద్దాయన కూడా వచ్చాడు. తాత సైన్యం నుంచి వచ్చాక గని మూసేవరకు ల్యాంప్ రూములోనే కదా పని. లోపలికి దిగేవాళ్ళ దగ్గర నంబరు బిళ్ళ తీసుకొని లాంతరు ఇవ్వడం, పైకొచ్చాక బిళ్ళ ఇచ్చి లాంతరు తీసుకోవడం. ఆ పెద్దాయన అన్నాడు: “వొక్క లాంతరు తిరిగి రాలేదంటే మీ తాత ఇంటికి పోడమ్మా. నాది రాలేదని రెండు షిఫ్టులు కూర్చున్నాడు. నేను పైకొస్తే ‘వచ్చినావా’ అన్నాడు, లాంతరు తుడిచి పెట్టినాడు. అంతే.”

నేను మూడో రోజే పనికి పోయాను. వేమగల్ దగ్గర ఫ్యాక్టరీలో చిన్న ఇనుప భాగాలను భూతద్దం కింద పెట్టి చూస్తాను. గీత పడినవి పక్కకు తీస్తాను. ఆ రోజు ఒక్కటి కూడా తప్పిపోలేదని సూపర్‌వైజరు చెప్పింది.

మా ఇంటి నుంచి ఇంక జాబులు రావని తెలపడానికి ఇది రాశాను.

అర్పిత

లక్కూరు, మాలూరు తాలూకా
4 మార్చి 2024

చిరంజీవి అర్పితకు,

నీ జాబు వచ్చినప్పుడు పట్టుపురుగులకు ఆకు వేస్తున్నాను. గూడు కట్టే ముందు అవి తెరిపి లేకుండా తింటాయి, మనం ఆపడానికి లేదు. చదివి జేబులో పెట్టుకొని మిగిలిన తట్టలకు ఆకు వేశాను. చేతులు కడుక్కొన్నాను. ముద్ద తిన్నాను. సౌభాగ్య నా ముఖం చూసి ఏమిటని చేత్తో అడిగింది. జాబు ఇచ్చాను. ఆమె ఏడ్చింది. మీ తాతను ఆమె చూసింది ఒక్కసారే, తన పెళ్ళిలో. నాకు ఏడుపు రాలేదు.

నేను సైన్యంలో చేరిన రోజు కాగితం మీద వేలిముద్ర వేశాను. మీ తాత కె.జి.ఎఫ్. బళ్ళో తెలుగు చదువుకొని వచ్చినవాడు. బెంగళూరులో శిక్షణ అప్పుడు సాయంత్రం పూట మైదానం మట్టిలో పుల్లతో గీసి అక్షరాలు నేర్పాడు. “నీ జాబు నువ్వే రాసుకో బచ్చా. ఇంగొకడు రాసిస్తే నీ పెండ్లాము వాణ్ణి మెచ్చుకుంటాది” అనేవాడు. నేను మాట్లాడేది లక్కూరు మాట, రాసేది వాడు నేర్పిన రాత. డెబ్భై ఒకటిలో చెవులు పోయాక నాకు మిగిలింది ఆ రాతే. యాభై రెండేళ్ళు నెలకొక జాబు రాసుకున్నాం. సౌభాగ్య తన ఫోనులో రాయమంటుంది. గాజు మీద వేలితో రాయడం నాకు చేతకాదు.

నిన్ను ఒకటి అడగాలి. 2022 డిసెంబరులో నేనొక పొడుగు జాబు పంపాను. ఏడు పుటలు. దానికి జవాబు రాలేదు. తర్వాత నీ చేతిరాతలో వచ్చిన వాటిలో వాన ఉంది, రాగి పంట ఉంది, నీ ఉద్యోగం ఉంది. దాని గురించి ఒక్క ముక్క లేదు. నేనూ మళ్ళీ ఎత్తలేదు.

ఆ జాబు వాడికి అందిందా? చదివాడా? చదివి ఏమన్నాడు? నా వయసు డెబ్భై ఆరు. నొచ్చుకుంటానని దాచవద్దు.

బచ్చప్ప

చాంపియన్ రీఫ్స్
31 మార్చి 2024

బచ్చప్ప తాతకు,

మీ జాబు అందింది. మీరడిగిన ఆ పాత జాబు కూడా అందింది. తాత భూతద్దం పెట్టుకొని తానే చదివాడు. నాకు చూపలేదు. దాని గురించి నాతో ఏమీ అనలేదు. ఇప్పుడు ఆయన పెట్టెలో సైన్యం కాగితాలతో పాటు ఉంది. నేను తెరవలేదు.

ఇక్కడ కొత్త విషయాలేమీ లేవు. అమ్మ పొద్దున అంగన్‌వాడీకి పోతుంది. నేను అయిదున్నరకు కంపెనీ బస్సెక్కుతాను. తాత మంచం తీసేద్దామని అమ్మ అంది. సరే అన్నాను. ఇద్దరం తీయలేదు. దాని చుట్టూ ఊడుస్తున్నాం.

ఆయన రోజూ బూట్లకు పాలిష్ పెట్టేవాడు, రెండింటికీ. కట్టె కాలి బూటుకు ఎందుకు తాతా, దానికేం తెలుసు అని చిన్నప్పుడు అడిగితే, “జతమ్మా అది” అనేవాడు. కాలు ఎట్లా పోయిందని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. “నా తప్పే. చూడకుండా అడుగు పెట్టినాను.” ఇంటికి ఎవరొచ్చి అడిగినా అదే. యుద్ధం కథ చెప్పమని నేను బళ్ళో పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన రోజు కూడా అదే చెప్పి, అందరికీ బెల్లం ముక్కలు ఇచ్చి పంపాడు. నాకు సిగ్గేసింది. శత్రువు పేల్చాడని చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నాను.

నాకు తెలిసింది ఇంతే. మీ జాబులో ఏముందో చెప్పాలనుకుంటే చెప్పండి. వద్దనుకుంటే వద్దు.

అర్పిత

లక్కూరు
21 ఏప్రిల్ 2024

చిరంజీవి అర్పితకు,

ఏమీ అనలేదని రాశావు. అదే వాడి జవాబు అనుకుంటాను. ఏడు పుటల్లో రాసింది నీకు కొంచెంలో చెబుతాను. ఆ పెట్టె నువ్వు తెరవనక్కరలేదు.

మేమిద్దరం సాపర్లం. వంతెనలు కట్టడం, దారులు వేయడం, నేలలో పాతిన మందుపాతరలు తీయడం మా పని. డెబ్భై ఒకటి డిసెంబరులో యుద్ధం ఆగింది. ఆగాక మా పని ఎక్కువైంది. పంజాబ్ సరిహద్దులో రైతుల పొలాల నిండా మందుపాతరలు. మోకాళ్ళ మీద కూర్చొని ఇనుప చువ్వను ఏటవాలుగా నేలలోకి గుచ్చుతూ పోవాలి. జానెడుకొక పోటు. గట్టిగా తగిలితే ఆగాలి. తగలకపోతే ముందుకు జరగాలి. చూసిన మేరకు తెల్లనాడా పరచాలి. వెనక వచ్చేవాడు ఆ నాడాను నమ్మి నడుస్తాడు.

యుద్ధం ఆగిన తొమ్మిదో రోజు. చెరకు తోట. పొద్దున తొమ్మిది గంటలైనా మంచు విడలేదు. ముందు నేను, వెనక మీ తాత. గట్టు మీద ఆ పొలం రైతు కంబళి కప్పుకొని కూర్చొని మమ్మల్నే చూస్తున్నాడు. నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. చువ్వ పట్టుకున్నానో లేదో కూడా తెలియడం లేదు. చాయ్ వచ్చిందని ఎవరో కేక వేశారు. చివరి వరసలో నాలుగు పోట్లు మిగిలాయి. గుచ్చలేదు. నాడా పరిచి లేచాను.

“సాఫా?” అని మీ తాత అడిగాడు.

“సాఫే, రా” అన్నాను.

ఈ చెవులతో నేను విన్న చివరి మాటలు అవే.

కళ్ళు తెరిచేటప్పటికి మీ తాత పడి ఉన్నాడు. నోరు తెరిచి ఏదో అంటున్నాడు. నాకు వినపడలేదు. ఆ రైతు గట్టు దిగి నాడా లోపలే పరుగెత్తుకొని వచ్చి తన తలపాగా విప్పి వాడి తొడకు కట్టాడు. నేను చేయలేదు. నిలబడి ఉన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రిలో ఆఫీసరు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. రామాంజినప్ప చెప్పినదని అందులో ఉంది. నేనే నాడా దాటి అడుగు పెట్టాను, బచ్చప్ప తప్పు లేదు అని. సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. మీ తాత నేర్పిన అక్షరాలతోనే పెట్టాను.

తర్వాత వాడిని చాలాసార్లు చూశాను. కోలారులో, మా వాడి పెళ్ళిలో, మీ అవ్వ పోయినప్పుడు. పెదాలు చూసి మాట కనుక్కోవడం అలవాటు చేసుకున్నాను. వాడు నోరు తెరిచిన ప్రతిసారీ నీవల్లే అన్న మాట వస్తుందని చూసేవాడిని. “రాగి బాగా పండిందా?” అనేవాడు.

2022లో నా భార్య చిక్కమ్మ పోయింది. నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆమెకు కూడా ఇది చెప్పలేదని దినాలు అయిపోయాక గుర్తొచ్చింది. అప్పుడు మీ తాతకు అంతా రాశాను. నీ గడప తొక్కే ముఖం నాకు లేదు, ఒకసారి నువ్వే వచ్చి తిట్టి పో అని చివర రాశాను.

ఏడాదికి పైగా గేటువైపు చూశాను. రాలేదు. వాడు నన్ను క్షమించలేదు. అది న్యాయమే. ఇందులో నువ్వు బాధపడవలసింది ఏమీ లేదు. మీ తాత చూడకుండా అడుగు పెట్టే మనిషి కాదని మాత్రం నీకు తెలియాలి.

బచ్చప్ప

చాంపియన్ రీఫ్స్
9 జూన్ 2024

బచ్చప్ప తాతకు,

మీ జాబు వచ్చి నెలన్నర అయింది. మూడుసార్లు రాసి చించాను.

మీకు రెండు అబద్ధాలు రాశాను. మీ జాబు గురించి తాత ఏమీ అనలేదన్నది ఒకటి. ఇంటి ముందు జారిపడ్డాడన్నది ఇంకొకటి.

మీ జాబు వచ్చిన రోజు నాకు సెలవు. ఎండలో కుర్చీ వేసుకొని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చదివాడు. తర్వాత నన్ను పిలిచాడు.

“పాపా, లక్కూరుకు పోదామా?”

“ఇప్పుడు ఏముంది తాతా అక్కడ?”

“బచ్చకు ఒక మాట చెప్పాల.”

“చెప్పు, రాస్తాను.”

“రాసేది గాదు. వాడు నా మూతి చూసి కనుక్కోవాల.”

ఆదివారం పోదామన్నాను. ఆ ఆదివారం ఓవర్‌టైముకు రమ్మన్నారు, పోయాను. తర్వాతి వారం వాన. ఒకసారి స్నేహితురాలి నిశ్చితార్థం. ఇక్కడి నుంచి బంగారపేట, అక్కడి నుంచి మాలూరు, అక్కడి నుంచి మీ ఊరు. మూడు బస్సులు. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అంత దూరం కూడా కాదు. కొన్ని ఆదివారాలకు కారణం కూడా లేదు. పడుకున్నాను.

ఆయన రోజూ అడగలేదు. నెలకొకసారి అడిగేవాడు, నెమ్మదిగా. మీకు జాబు రాయించేటప్పుడు, వస్తామని రాయనా అంటే ఒప్పుకోలేదు. “వొద్దు. రాసి పోకుంటే వాడు గేటు కాడ కాచుకుంటాడు” అన్నాడు.

పోయిన ఏడాది మే నెలలో ఒక ఆదివారం తప్పకుండా పోదామని ముందు రోజే మాట ఇచ్చాను. తెల్లారి లేచి తానే కాలు తొడుక్కొని, పట్టీలు బిగించమని అమ్మను అడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకొని ఏడు గంటలకు వరండాలో కూర్చున్నాడట. నేను లేచేటప్పటికి పదకొండు. బయటికి వస్తే బూట్లు విప్పి పక్కన పెట్టుకొని ఉన్నాడు.

“లేపొచ్చు కదా తాతా” అన్నాను.

“వారమంతా నిలబడి పని చేస్తావు. నిదరపోనీలే అనుకున్యాను” అన్నాడు.

ఇంకా టైముంది, పోదాం పద అని నేను అనవచ్చు. అనలేదు. స్నానానికి పోయాను.

డిసెంబరు పన్నెండు, మంగళవారం. నేను డ్యూటీలో ఉన్నాను. అమ్మ అంగన్‌వాడీలో ఉంది. తాత స్నానానికి విప్పిన కాలును ఒక్కడే మళ్ళీ తొడుక్కొన్నాడు. చేతులు వణుకుతాయి కదా, పట్టీలు సరిగా బిగియలేదు. ఆటోలో రాబర్ట్‌సన్‌పేట బస్‌స్టాండుకు పోయాడు. బంగారపేట బస్సు మెట్టు మీద కట్టె కాలు పెట్టి రెండో కాలు ఎత్తేటప్పుడు పట్టీ ఊడింది. వెనక్కి పడ్డాడు. పడింది మా ఇంటి ముందు కాదు, మీ ఊరికి వచ్చే బస్సు దగ్గర.

ఆస్పత్రిలో ఆయన పక్కన కూర్చొని అడిగాను. “అంత తొందర ఏమొచ్చింది తాతా, ఒక్కడివే పోయినావు?”

“తొందర యాడిది పాపా. ఏడాదాయె.”

“ఆ మాటేందో నాకు చెప్పు. నేను పోయి చెబుతాను.”

“నీకు చెప్పేది గాదమ్మా అది. వాడికి చెప్పేది.”

రెండు నెలల్లో మళ్ళీ నాలుగైదుసార్లు అడిగాను. కళ్ళు మూసుకునేవాడు. ఆ మాట ఏమిటో నాకు తెలియదు. మీ జాబు చదివాక కూడా తెలియడం లేదు.

బస్సు సంగతి అమ్మకు చెప్పలేదు. పించను పనికి పోయి పడ్డాడని అనుకుంటోంది. వచ్చినవాళ్ళందరూ నన్ను మెచ్చుకుంటారు. కొడుకులు కూడా అట్లా చూసుకోరు, నీవల్లే ఇన్నేళ్ళు బతికాడు అంటారు. నేను తల ఊపుతాను. నాకు ఏమీ అనిపించదు. తింటున్నాను, నిద్ర పడుతోంది, బస్సు తప్పడం లేదు. గీత పడిన భాగాలు పక్కకు తీస్తున్నాను.

ఆయనకు మీ మీద కోపం ఉందో లేదో నేను చెప్పలేను. మీ దగ్గరికి బయలుదేరాడు. తీసుకుపోనిది నేను.

అర్పిత

లక్కూరు
25 ఆగస్టు 2024

అర్పితకు,

నీ జాబు జూన్‌లోనే అందింది. నీ మీద కోపం వచ్చింది. మూడు బస్సులు, అంత దూరం కూడా కాదు అని నువ్వు రాసిన వరస నాలుగైదుసార్లు చదివాను. చదివినప్పుడల్లా కోపం పెరిగింది. అందుకే రాయలేదు.

జూలైలో కోపం తగ్గాక ఒక జాబు రాశాను. నీ తప్పేమీ లేదమ్మా, చిన్నదానివి, ఉద్యోగం చేసుకునేదానివి, వాడి ఆయుష్షు అంతే అని. కవరు అంటించి పోస్టు డబ్బా దాకా పోయాను. వేయకుండా తిరిగి తెచ్చాను. దారిలో తెలిసింది, మీ తాత నాకు చేసింది సరిగ్గా ఇదే. నీ తప్పు లేదు పో అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. దాంతో నా తప్పు అని చెప్పుకొనే చోటు నాకు లేకుండా పోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి యాభై ఏళ్ళు నన్ను నేనే అనుకుంటూ ఉన్నాను. మీ తాత గొప్పవాడు. కానీ ఆ పని మంచిది కాదు. నేను నీకు అది చేయను.

తప్పు నీదే. వాడు అడిగాడు, నువ్వు తీసుకురాలేదు. చాలాసార్లు అవకాశం వచ్చింది. ఆ మే నెల ఆదివారం పదకొండు గంటలకైనా బయలుదేరి ఉంటే ఎండ తగ్గేటప్పటికి నా ఇంట్లో ఉండేవాడు. ఇది నిజం. నిన్ను మెచ్చుకునే వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. నేను తెలిసే నీకు రాస్తున్నాను. నీ జాబులు నాకు కావాలి.

ఆ మాట ఏమిటో నీకు తెలియదు, నాకు తెలియదు. నేను ఊహించదలచుకోలేదు. నాకు ఇష్టమైనట్టు ఊహించుకుంటాను, అది వాడి మాట కాదు. తిట్టడానికే బయలుదేరాడేమో. తిట్టడానికి వచ్చినా వచ్చినట్టే కదా.

పోయిన వారం కొడుకును, సౌభాగ్యను కూర్చోబెట్టి చెరకు తోట సంగతి అంతా చెప్పాను.  కొడుకు నా చేతి మీద వేలితో రాశాడు, యాడికైనా పోవాలా నాయనా అని. క్యాసంబళ్ళికి అన్నాను. శుక్రవారం బండి మీద తీసుకుపోయాడు. మీ ఈశ్వరప్ప చేనులోకి తీసుకుపోయి చోటు చూపించాడు. ఇంకా మట్టి కుంగలేదు, పైన గడ్డి వచ్చింది. నేను నిలబడి చెప్పాను. నాలుగు పోట్లు గుచ్చలేదప్పా, సాఫ్ అని అబద్ధం చెప్పినాను, నీ కాలు నేనే తీసినాను అని. గట్టిగా చెప్పానో మెల్లగా చెప్పానో నాకు తెలియదు. ఈశ్వరప్ప తల తిప్పుకొన్నాడు కాబట్టి గట్టిగానే చెప్పి ఉంటాను.

మీ అమ్మకు చెప్పు. ఆమె వాడి కూతురు. ఆమెను చీకట్లో ఉంచవద్దు. ఆమె తిడితే పడు.

వీలైతే ఇటు రా. సౌభాగ్య నిన్ను చూడాలంటోంది. నేనూ చూడాలి. నీ చేతిరాత తెలుసు, ముఖం మరిచిపోయాను. మీ అవ్వ పోయినప్పుడు నీకు ఎనిమిదేళ్ళు.

బచ్చప్ప

చాంపియన్ రీఫ్స్
8 సెప్టెంబరు 2024

బచ్చప్ప తాతకు,

మీ జాబు డ్యూటీ నుంచి వచ్చాక చూశాను. తప్పు నీదే అన్న చోట ఆగి మెట్టు మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. ఫిబ్రవరి నుంచి రానిది. అమ్మ లోపల రాగులు చెరుగుతోంది. బయటికి వచ్చి చూసింది. అప్పుడే చెప్పాను, బస్సు సంగతి, ఆదివారాల సంగతి, అంతా.

అమ్మ లోపలికి పోయి చేట తీసుకొని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఆపలేదు. చెరిగినవి కూడా మళ్ళీ చెరిగింది. తర్వాత అంది: “నాకు చెప్పుంటే నేను పిల్చుకొని పోతా ఉంటిని గదే.”

“అవును” అన్నాను.

“ముసలాయన కూడా నాకు చెప్పలేదు. మీరిద్దరూ ఒకటే” అంది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. మూడో రోజు పొద్దున బాక్సు కట్టి ఇస్తూ, ఎప్పుడు పోదాం అని అడిగింది.

ఈ నెల పదిహేడు, మంగళవారం నేను సెలవు పెట్టాను. అమ్మ కూడా పెట్టింది. ఏడు గంటల బస్సుకు ఎక్కుతాం. పదకొండు లోపల మీ ఊళ్ళో ఉంటాం. ఈసారి వస్తామని రాస్తున్నాను. గేటు దగ్గర ఉండండి.

మిమ్మల్ని ఒకటి అడగాలి. చెరకు తోట సంగతి ఇంక చెప్పవద్దు, అది తెలిసింది. అంతకు ముందువి చెప్పండి. అమ్మ పుట్టేటప్పటికే ఆయనకు కట్టె కాలు. మా ఇంట్లో అందరికీ ఆయన మెల్లగా, ఒకవైపు వాలి నడిచిన మనిషి. బెంగళూరు మైదానంలో మీరు ఆయన పక్కన పరుగెత్తి ఉంటారు. తాత ఎట్లా పరుగెత్తేవాడో చూసినవాళ్ళు ఇంక మీరొక్కరే ఉన్నారు. మాకు అది చెప్పండి.

అర్పిత